భయము చేసిన మేలు

ప్రభువు చెప్పిన ఉపమానములలో అన్యాయస్థుడైన న్యాయాధిపతి కథ చదువరులను కొంత ఇబ్బంది పెట్టునది. ఒక విధవరాలు తన వ్యాజ్యెము తీర్చుమని అతని గుమ్మమునొద్దకు మాటిమాటికి వచ్చుచుండెను. అతడు చాల కాలము చెవిని బెట్టలేదు. తుదకు ఆమె పోరు పడలేక, ఆ బాధ వదలించుకొనుటకే తీర్పు చెప్పెను. అతని మనస్సు మారలేదు. ఆమెమీద జాలియు పుట్టలేదు. విసుగక ప్రార్థింపవలెనని ఈ ఉపమానము యొక్క తాత్పర్యము. ప్రసంగములలో సాధారణముగా అంతవరకు చెప్పి ముగింతురు. అయినను అందులో మరియొక ప్రశ్న దాగియున్నది. మనస్సు లేకుండ జరిగిన మేలు మేలగునా? ఆ విధవరాలి మట్టుకు చూచినయెడల సందేహమే లేదు. ఆమెకు రావలసినది వచ్చినది. అది ఏ హృదయమునుండి వచ్చినదను విచారణ ఆమెకు అక్కరలేదు. అయితే అదే ఊరిలో మంచము దిగలేని విధవరాలు మరియొకతె ఉండియుండినయెడల ఆమె గతి యేమి? ఆమె ఎవరి గుమ్మమునొద్దకు పోగలదు? ఎవరిని విసిగింపగలదు?

ఈ ప్రశ్న పుస్తకములకే పరిమితమైనది కాదు. 1994వ సంవత్సరము సెప్టెంబరు నెలలో గుజరాతు రాష్ట్రములోని సూరతు నగరమునకు ఇది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న ఆయెను. అక్కడ దీనికి వచ్చిన జవాబు సగము మంచిది, సగము అసంపూర్ణమైనది. అందుచేతనే అది ఆలోచింపదగినది.

సూరతు తపతీ నది ఒడ్డుననున్న పాత రేవు పట్టణము. మొగలాయి పాదుషాల కాలములో హజ్ యాత్రికుల ఓడలు ఇచ్చటనుండియే బయలుదేరెడివి. ఇంగ్లీషు కంపెనీవారు 17వ శతాబ్దపు ఆరంభములో తమ వర్తకశాలను ఇచ్చట నెలకొల్పిరి. 1815లో లండన్ మిషను వారు వచ్చి, గుజరాతీ భాషలో బైబిలు అనువదించి అచ్చువేసిన ఊరును ఇదే. నేడు ఆ పేరు చెప్పగానే జ్ఞాపకము వచ్చునవి వజ్రముల సానపట్టు పనియు, కృత్రిమ పట్టు చీరలును. తెలుగు దేశములో పెండ్లిండ్లకు, పండుగలకు బంధువులకు పెట్టు పెట్టుబడి చీరలలో సూరతు చీరలు లేని మూట అరుదు. చౌకగా వచ్చును, రంగు బాగుండును, ఉదుకుటకు సులువు. అవి ఎవరు నేసిరో కొన్నవారు అడుగరు, అమ్మినవారును చెప్పరు.

వాటిని నేసినవారిలో తెలుగువారును కలరు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములలో చేతిమగ్గములు మూలబడిన కొలది పద్మశాలి కుటుంబములు అనేకము షోలాపురమునకు, భివండికి, సూరతుకు వలసపోయినవి. తాతలు గుంటమగ్గమున కూర్చుండి నేసిన చేతులే మనుమల కాలమునకు మరమగ్గముల నడుమ నిలువవలసివచ్చినది. లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో తెలుగు మాట నేటికిని వినబడును. ఆ నగరపు మునిసిపల్ పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమము కూడ ఉండుట పలువురికి తెలియని సంగతి. పరాయి రాష్ట్రములోని ఒక నగర పాలక సంస్థ తెలుగులో అక్షరములు నేర్పించుచున్నదనగా, అక్కడ తెలుగు బిడ్డలు ఎందరు పుట్టి పెరుగుచున్నారో ఊహించుకొనవచ్చును.

మురికివాడ యనగానే చాలమందికి బొంబాయిలోని ధారావియో, పత్రికలలో చిత్రములు చూచినవారికి ఆఫ్రికాలోని నైరోబీ నగరమందలి కిబేరాయో మనస్సుకు వచ్చును. రేకుల కప్పులు ఒకదానికొకటి ఆనుకొని కొండవాలుగా పోవుట, మరుగుదొడ్లు లేక ప్లాస్టికు సంచులలో మలము కట్టి రాత్రివేళ బయటికి విసరుట, నీటిని బిందెకింతయని కొనుట, వీటిని చదివి అయ్యో యనుకొందురు. సూరతులోని వాడలు చూపునకు అంత భయంకరముగా కనబడకపోవచ్చును. అక్కడ పని యున్నది. ఆకలిచే చచ్చుటకు ఎవరును అక్కడికి పోరు, బ్రతుకుటకే పోవుదురు. అచ్చటి కష్టము పని లేకపోవుటలో లేదు, పని యొక్క తీరులో ఉన్నది.

మరమగ్గముల కార్ఖానాలలో పన్నెండు గంటల పాళీ వాడుక. పగటి పాళీవారు దిగగానే రాత్రి పాళీవారు ఎక్కుదురు, మగ్గము నిలువదు. కూలి నెలకింతయని కాక నేసిన మీటరుకు ఇంతయని లెక్క. నియామక పత్రము లేదు, సెలవు లేదు. శ్రీకాకుళమునకు పొరుగుననున్న ఒడిశాలోని గంజాము జిల్లానుండి వచ్చిన లక్షలాది పనివారు కుటుంబములను ఊళ్లలో విడిచి, మెస్సులని పిలువబడు గదులలో గుంపులుగా నివసింతురు. అక్కడ ఒక మనుష్యునికి ఒక చోటు ఉండదు. ఒక చోటికి ఇద్దరు మనుష్యులుందురు. పగలు పనిచేసినవాడు రాత్రి పండుకొనును. రాత్రి పనిచేసినవాడు అతడు లేచిన చాపమీదనే పగలు పండుకొనును. ఇద్దరును ఒక్క గదిలో ఏండ్ల తరబడి యుండియు మేలుకొనియున్న ముఖములు ఒకరివి ఒకరు అరుదుగా చూచుకొందురు. కుటుంబములతో వచ్చిన తెలుగువారి స్థితి ఇంతకంటె కొంత మెరుగు. వారికి ఒక అరయైనను తమదని చెప్పుకొనుటకు ఉండును. 1960 ప్రాంతమునుండి దక్షిణ గుజరాతు కూలివారి జీవితమును పరిశోధించిన డచ్చి సమాజ శాస్త్రజ్ఞుడు యాన్ బ్రెమన్ ఈ వలస పనివారిని గూర్చి పుస్తకములు వ్రాసెను. ఆయన పుస్తకములు చదువకున్నను, ఆ గదుల గుమ్మమునొద్ద ఉదయము ఏడు గంటలకు నిలువబడినవానికి సంగతి అర్థమగును.

1981 జనాభా లెక్కలనాటికి ఎనిమిది లక్షలకు లోపుగానున్న సూరతు 1991 నాటికి దాదాపు 15 లక్షలకు పెరిగెను. పదేండ్లలో ఇంచుమించు రెట్టింపు. మనుష్యులు రెట్టింపైరి గాని కాలువలు రెట్టింపు కాలేదు. మురుగు కాలువల సౌకర్యము నగరములో కొంతభాగమునకే యుండెను. చెత్త ఎత్తువారు రాని వీధులు, ఎత్తినను ఎక్కడ పోయవలెనో తెలియని వీధులు విస్తరించినవి. 1994 వానకాలములో తపతికి వరద వచ్చి పల్లపు వాడలు రోజుల తరబడి నీటిలో నానినవి. చచ్చిన పశువులును, ఎలుకలును ఆ నీటిలోనే కుళ్లినవి. సెప్టెంబరు మూడవ వారములో వేడ్ రోడ్డు ప్రాంతపు వాడలలో జ్వరముతోను, రక్తము పడు దగ్గుతోను మనుష్యులు చనిపోవ నారంభించిరి. వైద్యులు ఆ రోగమునకు పెట్టిన పేరు ఊపిరితిత్తుల ప్లేగు.

చనిపోయినవారి సంఖ్య యాభైకి కొంచెము పైబడినది. క్షయ చేతను, విరేచనముల చేతను ఇదే దేశములో దినదినము చనిపోవువారితో పోల్చినయెడల అది చిన్న సంఖ్య. అయినను కొద్ది దినములలోనే లక్షలాది జనులు సూరతు విడిచి పారిపోయిరి. రైళ్లు క్రిక్కిరిసినవి. టెట్రాసైక్లిన్ మాత్రలు మందుల అంగళ్లలో దొరకకుండ పోయినవి. ఎక్కడనో యున్న ఢిల్లీలో జనులు ముక్కులకు గుడ్డలు కట్టుకొనిరి. గల్ఫు దేశములు కొన్ని భారతదేశపు విమానములను నిలిపివేసినవి. సూరతునుండి వచ్చినవారని తెలిసిన చోట్ల స్వగ్రామములు సైతము తమవారిని అనుమానముతో చూచినవి. అది నిజముగా ప్లేగేనా యని శాస్త్రజ్ఞులు చాల కాలము వాదులాడిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు 2000వ సంవత్సరములో ప్రచురించిన పరిశోధన అది ప్లేగు క్రిమియే యని చూపెను.

పారిపోయినవారిలో ప్రైవేటు వైద్యులు అనేకులుండిరి. ఈ సంగతి ఆనాటి పత్రికలలో విశేషముగా వ్రాయబడినది, తగినంతగా నిందింపబడినది. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులును నర్సులును నిలిచి పనిచేసిరను సంగతి అంతగా వ్రాయబడలేదు. 1527లో విట్టెన్‌బర్గు పట్టణమునకు ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథరునకు ఇదే ప్రశ్న ఎదురాయెను. విశ్వవిద్యాలయము వేరొక ఊరికి తరలిపోయినను, వెళ్లిపొమ్మని ప్రభువు ఆజ్ఞ వచ్చినను, ఆయన గర్భవతియైన భార్యతో అక్కడనే నిలిచి తన గృహమునే రోగులకు ఆశ్రయముగా చేసెను. బ్రెస్లా పట్టణపు బోధకులు అడుగగా, ప్లేగునుండి పారిపోవచ్చునా యను విషయముపై ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అందులో ఆయన పారిపోవుటయే పాపమని చెప్పలేదు. ప్రాణము కాపాడుకొనుట స్వభావమని, మందులు వాడకపోవుట భక్తి కాదని చెప్పెను. అయితే ఎవని చేతిలో ఇతరుల ప్రాణములు పెట్టబడినవో, అనగా బోధకుడు, అధికారి, వైద్యుడు మొదలగువారు, తమ స్థానములో వేరొకరిని నిలుపకుండ కదలకూడదని చెప్పెను. పొరుగువాడును మంచముననున్న పొరుగువానిని విడిచిపోరాదని చెప్పెను.

ఈ కొలత సరియైనది. సూరతు విషయములో దానిని ప్లేగు వచ్చిన నాటికి మాత్రమే పెట్టి చూచుట చాలదు. ఆ సెప్టెంబరులో పారిపోయిన వైద్యుని తప్పు అందరికిని కనబడును. అంతకు ముందు పదేండ్లు ఆ వాడలవైపు ఒక్క కాలువ త్రవ్వించనివారు ఎక్కడికిని పారిపోలేదు. వారు మొదటనే అక్కడ లేరు. రైలెక్కి విడిచిపోవుట కంటె, ఊరిలోనే యుండి ఒక వాడను విడిచిపెట్టుట సులువు. దానికి పేరును పెట్టరు, పత్రికలో వ్రాయరు.

ప్లేగు తగ్గిన మరునాడే సూరతు శుభ్రమైనదని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. భయము తగ్గగానే చెత్త తిరిగి కుప్పపడినది. 1995 మే నెలలో మునిసిపల్ కమీషనరుగా సూర్యదేవర రామచంద్రరావు గారు వచ్చిరి. ఇంటిపేరు వినగానే తెలుగు పాఠకునికి ఏ ప్రాంతపువారో స్ఫురించును. ఆయన పనిని గూర్చి చాల వ్రాయబడినది. అందులో కొంత అతిశయోక్తియు కలదు. జరిగిన సంగతులు మట్టుకు ఇవి. నగరమును ఆరు మండలములుగా విభజించి ఒక్కొక్క మండలమునకు ఒక్కొక్క అధికారిని, తనతో సమానమైన అధికారములిచ్చి నియమించిరి. అధికారులందరును ఉదయమున కార్యాలయములో కూర్చుండక వీధులలో తిరుగవలెనని, తిరిగి చూచినదానిని ఆ దినముననే మాటలాడుకొనవలెనని నియమము పెట్టిరి. ప్రధాన వీధులు రాత్రివేళ ఊడ్పించిరి. హోటళ్లను, మిఠాయి దుకాణములను తనిఖీ చేయించిరి. చెత్త పారవేసినవారికి జరిమానా వేసిరి. అక్రమ కట్టడములు కూలగొట్టుటలో పేదల గుడిసెలతో కాక, పలుకుబడిగలవారి కట్టడములతో మొదలుపెట్టిరి. ఇది మన దేశములో అరుదైన వింత. వాడలలో సందులకు రాళ్లు పరిపించి, కాలువలు త్రవ్వించి, కుళాయిలును సామూహిక మరుగుదొడ్లును పెట్టించిరి. రెండేండ్లు గడువకముందే ఒక జాతీయ సంస్థ సూరతును చండీగఢ్ తరువాత దేశములోకెల్ల పరిశుభ్రమైన నగరముగా ఎన్నినది. ఆయన బదిలీయైన తరువాతను ఆ అలవాటు నిలిచినది. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణములో సూరతు ఇందోరుతో కలిసి మొదటి స్థానము పొందెను.

ఇంత మేలునకు మూలము ప్లేగు భయమని ఒప్పుకొనక తప్పదు. 1993లో అదే కమీషనరు వచ్చియుండినయెడల ఆయన మాట ఆ నగరము వినియుండునా? పలుకుబడిగలవాని మేడ కూలగొట్టుచుండగా జనులు ఊరకుండియుందురా? వేడ్ రోడ్డులో దగ్గినవాని దగ్గు అఠ్వా లైన్స్ బంగళాలలోనికి రాగలదని తెలిసిన పిమ్మటనే వేడ్ రోడ్డుకు కాలువ వచ్చినది.

స్కాట్లండు రచయిత థామస్ కార్లైల్ 1843లో వ్రాసిన పుస్తకములో ఎడిన్‌బరో నగరములో జరిగిన ఒక సంగతి కలదు. ఐర్లండు దేశస్థురాలైన ఒక బీద విధవరాలు ముగ్గురు బిడ్డలతో ఆ నగరపు ధర్మసంస్థలను ఒక్కొక్కదానిని ఆశ్రయించెను. ప్రతి చోటను ఆమెను కాదని పంపిరి. తుదకు ఆమె టైఫస్ జ్వరముతో పడి చనిపోయెను. ఆమెనుండి ఆ జ్వరము వీధిలో వ్యాపించి మరి పదునేడుగురిని చంపెను. బ్రతికియుండగా తాను వారి సహోదరినని ఆమె చెప్పినను వారు నమ్మలేదు. చనిపోయి దానిని నిరూపించినదని కార్లైల్ భావము. ఉపమానములోని విధవరాలు గుమ్మము తట్టి గెలిచినది. ఈ విధవరాలు గుమ్మము తెరవబడకయే లోపలికి ప్రవేశించినది. సూరతు గెలుపు ఈ రెండవ విధమైనది. అక్కడ యాభై ఇండ్లలో మరణమునకు బదులుగా పేటలకు నీళ్లు వచ్చినవి.

జర్మను తత్త్వవేత్త కాంట్ 1785లో వ్రాసిన గ్రంథములో ఒక దుకాణదారుని ఉదాహరణ చెప్పెను. అతడు చిన్నపిల్ల వచ్చినను సరియైన వెలకే అమ్మును; ఏలయనగా మోసము తెలిసినయెడల బేరములు పోవునను భయము. అతని క్రియ ధర్మమునకు అనుగుణమైనదే గాని ధర్మము కొరకు చేసినది కాదని కాంట్ తీర్మానము. ఆ మాట విని సూరతు శుభ్రతను తృణీకరించుట మాత్రము తగదు. మోసపోని పిల్లకు ఆ రోజు చాక్లెట్టు సరిగానే దొరికినది. కాలరా లేని నీరు త్రాగిన బిడ్డ, ఆ నీరు ఎవరి భయమువలన వచ్చినదని అడిగి త్రాగదు. శుద్ధమైన ఉద్దేశము కలిగిన తరువాతనే కాలువ త్రవ్వుదమని కూర్చున్నవాడు ఎన్నటికిని త్రవ్వడు. భక్తులైనవారిలో ఈ జబ్బు కొంచెము ఎక్కువ.

అయినను భయము నమ్మదగిన సేవకుడు కాదు. ఒకే భయము ఒక చోట కాలువ త్రవ్వును, మరియొక చోట నిప్పు పెట్టును. 1904లో దక్షిణ ఆఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గు నగరములో ఇటువంటి ఊపిరితిత్తుల ప్లేగే వచ్చినది. భారతీయ కూలివారు నివసించు పేట యొకటి అక్కడ ఉండెను. మునిసిపాలిటీ ఆ స్థలమును తన వశము చేసికొని, అద్దె వసూలు చేయుచు, శుభ్రత మాత్రము విడిచిపెట్టెను. అక్కడ ఇరుకు మితిమీరినదని, రోగము రాక తప్పదని న్యాయవాదిగానున్న మోహన్‌దాస్ గాంధీ ఆరోగ్యాధికారికి ఫిబ్రవరిలోనే వ్రాసెను. ఆ మాట ఫలింపలేదు. మార్చిలో బంగారు గనిలో పనిచేయు భారతీయులు ఇరువదిముగ్గురు ఒక్కమారుగా రోగగ్రస్తులై పేటకు వచ్చిరి. గాంధీయు స్నేహితులును ఖాళీగానున్న ఒక ఇంటిని తెరచి వారికి ఉపచారము చేసిరి. వారిలో ఎక్కువమంది చనిపోయిరి. తరువాత నగరము మేలుకొన్నది. మేలుకొని చేసిన పని యేమనగా, పేటలోని జనులను ఊరికి దూరముగా క్లిప్‌స్ప్రూట్ అను చోటికి తరలించి పేటను తగులబెట్టుట. భారతీయులు కొంత కాలమునకు అక్కడనుండి తిరిగిరి గాని నల్లజాతివారు అక్కడనే ఉంచబడిరి. నేడు సోవెటో యని లోకమంతటికి తెలిసిన మహావాడకు అది మొదటి బీజము. 1901లో కేప్‌టౌన్‌లోను, 1902లో నైరోబీలోను ప్లేగు ఇటువంటి పనులే చేయించినది. నైరోబీలో భారతీయుల బజారును కాల్చివేసిరి. ఆఫ్రికా నగరములలో పేదలను ఊరి వెలుపల గుంపుగా ఉంచుటకు రోగభయము ఒక కారణమైనదని చరిత్రకారులు చెప్పుదురు. అనగా మురికివాడను బాగుచేయగల భయమే మురికివాడను పుట్టించినది కూడ.

సూరతులో భయము చీపురు పట్టుకొనుటకును, జోహాన్నెస్‌బర్గులో అగ్గిపెట్టె పట్టుకొనుటకును భేదము ఎక్కడ వచ్చినది? సూరతులో అధికారులు ప్రతి ఉదయము ఆ సందులలో నడిచిరి. నడిచినవాడు కాలువ ఎక్కడ పూడినదో చూచును, కుళాయియొద్ద ఎవరు నిలిచియున్నారో చూచును, రెండవ దినమునకు కొన్ని ముఖములు గుర్తుపట్టును. కాల్చుమని ఉత్తరువు వ్రాయువాడు దూరమునుండి పొగను మాత్రమే చూచును. కాబట్టి మొదట త్రోసినది భయమేయైనను, పనిని నిలిపినది వేరొకటి. దానిని ప్రేమయని పిలుచుట తొందరపాటు కావచ్చును. ఎదుటివానిని చూచుట యని చెప్పినయెడల చాలును. సమరయుడు కూడ మొదట చేసినది అదే. యాజకుడును లేవీయుడును త్రోవకు ఆవలి ప్రక్కగా పోయినది చూడకుండుటకే గదా.

భయము చూడలేనివి కొన్ని కలవు. అది తన గుమ్మములోనికి రాగలదానినే చూచును. అంటని కష్టము దాని లెక్కలోనికి రాదు. మరమగ్గపు కార్ఖానాలో చప్పుడు తొంభై డెసిబెల్లులు దాటును. అందులో నిత్యము పన్నెండు గంటలు నిలిచినవాని చెవి క్రమముగా మందగించును. ఇంటికి పోయి భార్యతో బిగ్గరగా మాటలాడును. కోపిష్ఠి యని బిడ్డలు అనుకొందురు. ఆ చెవుడు అఠ్వా లైన్స్‌కు ప్రాకదు. ఇంటిలో కూర్చుండి చీరల దారములు కత్తిరించి, అద్దములును రాళ్లును అంటించి, చీరకింతయని కొన్ని రూపాయలు సంపాదించు స్త్రీ కన్ను మసకబారుట ఎవరికిని అంటదు. కరెంటు తగిలి చచ్చినవాని మరణము పక్క మగ్గమువానికి కూడ అంటదు. పాళీ మారును, మగ్గము నడచును. సందులకు రాళ్లు పరచి ముప్పది సంవత్సరములు కావచ్చినది. చాపకు ఇద్దరు చొప్పున పండుకొను గదులు ఇంకను ఉన్నవి. శుభ్రమైన నగరములో అవి శుభ్రముగానే ఉన్నవి.

2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్టనుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడువబడి, సూరతులో అధిక భాగము మునిగినది. ప్లేగు తిరిగి రాలేదు. వీధులలోని బురద త్వరగా ఎత్తబడినది. అది 1995లో నేర్చిన పాఠము యొక్క ఫలము, మెచ్చుకొనదగినది. తరువాతి కాలములో తపతి ఒడ్డున గుడిసెలు వేసికొన్న అనేక కుటుంబములకు నగరపు ఉత్తరపు అంచున కోసాడ్ మొదలైన చోట్ల పక్కా ఇండ్లు కట్టియిచ్చిరి. ఇంటికి గోడలు వచ్చినవి, తలుపు వచ్చినది, వరద భయము పోయినది. పని మాత్రము పాత చోటనే యుండెను. ఇంటియొద్ద చీరల పని చేసికొను స్త్రీలకు ముడిసరుకు తెచ్చి ఇచ్చువాడు అంత దూరము రాడు. కొందరు ఆ ఇంటికి తాళము వేసి, లేక అద్దెకిచ్చి, పని దగ్గరనున్న ఇరుకు గదికే తిరిగి వచ్చిరి. వారిని కృతఘ్నులని నిందించుట సులువు. వరదనుండి వారిని తప్పించిన ఆలోచన, వారి దినము ఎట్లు గడచునో విచారింపలేదు.

2020 మార్చిలో మరియొక రోగము వచ్చినది. ఈ మారు పారిపోవుటకు వీలు లేకుండెను. 1994లో రైళ్లు జనులను మోసికొనిపోయెను. 2020లో రైళ్లు నిలిపివేయబడెను. ఇంటిలోనే యుండుమని, ఒకరికొకరు దూరముగా నుండుమని దేశమంతటికి ఆజ్ఞ. ఒక చాప ఇద్దరిదైన గదిలో రెండు పాళీలవారును ఒక్కమారే ఉండవలసివచ్చినప్పుడు దూరమును ఎక్కడనుండి తెచ్చుకొందురు? మగ్గములు నిలిచినవి గనుక మీటరు కూలియు నిలిచినది. ఏప్రిల్ నెలలో పనివారు ఒకమారు కాదు, పలుమారులు సూరతు వీధులలోనికి వచ్చిరి. వారు అడిగినవి రెండే: రావలసిన కూలి, ఇంటికి పోవుటకు రైలు. పోలీసులు వారిని చెదరగొట్టిరి. ఆ దినములలో పత్రికలలో వచ్చిన చిత్రములు చూచి దేశము ఉలికిపడెను. గుమికూడుటవలన రోగము ప్రాకునని పలువురు మందలించిరి. ఆ మందలింపు శాస్త్రరీత్యా సరియైనదే. అయినను, గుమికూడినందుకు మందలించినవారిలో ఎందరు అంతకు ముందు ఆ గదులలో గుంపును చూచి మాటలాడిరి?

వారు వీధిలోనికి వచ్చుట విధవరాలు గుమ్మమునొద్దకు వచ్చుట వంటిదే. ఒక్కటే భేదము. ఆమెకు న్యాయాధిపతి యిల్లు తెలియును. వీరి న్యాయాధిపతి యెవరు? మగ్గముల యజమాని నూలు వ్యాపారివైపు చూపును, నూలు వ్యాపారి చీరల వర్తకునివైపు చూపును, వర్తకుడు బజారు ధరవైపు చూపును. బజారు ధర యనగా పెట్టుబడి చీర ఇంకను పది రూపాయలు తగ్గించి యిమ్మని వరంగల్లులోనో, విజయవాడలోనో, బేరమాడు చేయి.

మే నెల ఆరంభమున శ్రామికుల ప్రత్యేక రైళ్లు సూరతునుండి ఒడిశాకు, బీహారునకు, ఉత్తర ప్రదేశమునకు బయలుదేరెను. లక్షలాది జనులు ఇండ్లకు పోయిరి. ఊరిలో పొలము లేదు, ఉన్నను చాలదు. ఆ సంవత్సరము ముగియక మునుపే వారిలో చాలమంది తిరిగి వచ్చిరి. కొందరికి యజమానులే టికెట్లు కొని పంపిరి. కార్ఖానాలలో మగ్గములు తిరిగి మ్రోగినవి. రాత్రి పాళీవారు ఏడు గంటలకు గదికి వచ్చి, పగటివారు లేచిన చాపలమీద పండుకొనిరి.